ఒక సంచి – రెండు యంత్రములు

యంత్రములు చిన్నవైన కొలది వానిని మోయు మనుష్యుని బరువును తగ్గవలసినది. కాని లోకములో జరుగుచున్నది వేరు. ఒకప్పుడు రేడియో నిలయము నుండి ఒక ఉత్సవమును రికార్డు చేయుటకు బయలుదేరవలెనన్నచో ఒక వాహనము, ఒక ఇంజనీరు, బరువైన టేపు యంత్రము, దానిని ఎక్కించి దింపుటకు సాయము కావలసి యుండెడివి. నేడు ఆ పని యంతయు ఒక్కరి భుజముమీద పడినది. శబ్దమును పట్టు పరికరము అరచేతిలో ఇమిడిపోయినమాట నిజమే. కాని దానితోపాటు ఫోటోలు తీయుటకు కెమేరా, తీసినదానిని కూర్చి పంపుటకు లాప్‌టాపు, ఆ రెండింటికి కావలసిన బాటరీలు, తీగలు, ఛార్జర్లు వచ్చి చేరినవి. వాహనమునకు బదులు సంచి వచ్చినది.

ఈ సంచి మా వంటి ఉద్యోగులకు మాత్రమే సంబంధించినది కాదు. పత్రికా విలేఖరులు, పెండ్లిండ్లలో ఫోటోలు తీయువారు, శాసనములను దేవాలయ శిల్పములను ఫోటో తీసికొని పరిశోధన చేయు విద్యార్థులు, కళాశాలలో చదువుచు సెలవు దినములలో కెమేరా పట్టు యువతీయువకులు అందరును దీనిని మోయుచున్నారు. ఉదయము తగిలించుకొని వెళ్లి రాత్రి దించుచున్నారు. అట్టివారి తల్లిదండ్రులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: ‘మా పిల్లవానికి ఎట్టి సంచి కొనిపెట్టవలెను?’ అని.

ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని కెమేరా కొనునపుడు నెలల తరబడి విచారించువారు, లాప్‌టాపు కొనునపుడు నలుగురిని అడుగువారు, సంచిని మాత్రము మిగిలిన డబ్బుతో, అంగడిలో వ్రేలాడుచున్న వానిలో కంటికి నచ్చినదానిని చూచి కొందురు. రెండు విలువైన యంత్రముల క్షేమమును, వానిని మోయు వీపుయొక్క క్షేమమును ఆ చివరి కొనుగోలుపై ఆధారపడియున్నవి. యంత్రము చెడినచో బాగు చేయించవచ్చును. అదియును కానిచో మరియొకటి కొనవచ్చును. భుజమునకును వెన్నెముకకును ఆ వీలు లేదు.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయమును ముందే చెప్పుదుము. సంచిని చూచి సామానును నిర్ణయింపరాదు. సామానును తూచి సంచిని నిర్ణయింపవలెను. తక్కిన సూచనలన్నియు దీనినుండి పుట్టునవే.

తూచుట యనగా నిజముగా తూచుటయే. ఇంటిలో మనుష్యులు బరువు చూచుకొను యంత్రమున్నచో చాలును. మొదట వట్టి చేతులతో నిలువవలెను. పిదప రోజూ తీసికొనిపోవు సామానును చేతబట్టి నిలువవలెను. భేదమే సామాను బరువు. ఒక ఉదాహరణమును చూతము. 14 అంగుళముల లాప్‌టాపు సుమారు ఒకటిన్నర కిలో ఉండును. దాని ఛార్జరు 400 గ్రాములు. అద్దము లేని నవీన తరహా కెమేరా బాటరీతో కలిసి 700 గ్రాములు. సామాన్యమైన లెన్సులు రెండు, ఒక్కొక్కటి అరకిలో చొప్పున ఒక కిలో. అదనపు బాటరీలు, డిస్కు, తీగలు కలిసి 350 గ్రాములు. ఇంతవరకు దాదాపు 4 కిలోలు అయినది.

మనుష్యుడు యంత్రములతో మాత్రమే బ్రతుకడు. లీటరు నీటిసీసా కిలోకు పైమాటే. అన్నపు డబ్బా 600 గ్రాములు. గొడుగు 350 గ్రాములు. మొత్తము 6 కిలోలు. దీనికి సంచి సొంత బరువును కలుపవలెను. దళసరి మెత్తలు, అనేకమైన అరలు గల కెమేరా సంచి వట్టిదే ఒకటిన్నర కిలో తూగును. కొన్ని 2 కిలోలకు మించును. అనగా ఇంటినుండి బయలుదేరునప్పటికి ఏడున్నర కిలోలు వీపుమీదికి వచ్చినవి. పెద్ద టెలిఫోటో లెన్సునో, ముక్కాలి స్టాండునో దీనికి చేర్చినచో 9 కిలోలు సులభముగా దాటును.

ఇది ఎక్కువయా, తక్కువయా? బడిపిల్లల విషయమున భారత ప్రభుత్వము 2020లో ప్రకటించిన పాఠశాల సంచుల విధానము ఒక కొలతను చెప్పినది: సంచి బరువు పిల్లవాని శరీరపు బరువులో నూటికి 10 వంతులకు మించరాదని. అది పిల్లల కొరకు చేసినది; ఎముకలు ముదిరిన పెద్దలకు అంత కట్టుదిట్టము అవసరము లేదు. అయినను రోజూ గంటల తరబడి మోయు బరువునకు అది మంచి గీటురాయి. 60 కిలోల మనిషికి ఆ లెక్కను 6 కిలోలు. పైన చెప్పిన సంచి దానిని అప్పుడే దాటిపోయినది. 50 కిలోల యువతికైనచో మరింత దాటినది. పిల్లల సంచి బరువును గూర్చి ఆందోళన చెందు ఇంటిలోనే పెద్దవారి సంచిని ఎవరును తూచరు.

కావున మొదటి నిర్ణయము అంగడిలో కాదు, ఇంటిలో జరుగవలెను. సామానును నేలపై పరచి రెండు భాగములు చేయవలెను: ప్రతిదినము నిజముగా వాడునవి ఒకవైపు, ‘ఒకవేళ కావలసి వచ్చునేమో’ అనునవి మరొకవైపు. రెండవ భాగములోని వస్తువు గడచిన నెలలో ఎన్నిమారులు సంచినుండి బయటికి వచ్చినదో తలచుకొనవలెను. ఒక్కమారైనను రానిది నిత్యపు సంచిలో ఉండదగదు. పెండ్లికో, పెద్ద సభకో వెళ్లునాడు వేరొక పెద్ద సంచిని వాడవచ్చును. నెలకు రెండు దినముల పనికై కొన్న పెద్ద సంచిని తక్కిన ఇరువది యెనిమిది దినములును మోయుట తెలివి కాదు.

ఇక శరీరము బరువును ఎట్లు మోయునో కొంచెము తెలిసికొనవలెను. మన పల్లెలలో కావడి మోయువారు ఆ శాస్త్రమును ఏ గ్రంథమును చదువకయే ఎరుగుదురు. రెండు తట్టలలోని బరువు సమముగా నున్నప్పుడు కావడిబద్ద భుజముమీద నిలుచును, మోయువాడు నిటారుగా నడచును. ఒక తట్టను తీసివేసినచో బద్ద ఒరగును. ఒంటి భుజమునకు తగిలించు సంచి ఒక తట్ట లేని కావడివంటిది. అది జారిపోకుండుటకై మనము తెలియకయే ఆ భుజమును పైకెత్తి పట్టుదుము. నడుమును ఎదుటివైపునకు ఒంచుదుము. మెడనుండి భుజమువరకు వ్యాపించిన కండరము రోజంతయు బిగిసియుండును. సాయంకాలమునకు మెడ పట్టుకొన్నదని చెప్పుకొనుటకు తరచుగా ఇదియే కారణము.

వీపునకు తగిలించు రెండు పట్టీల సంచిలో ఈ దోషము లేదు. కాని అందులోను ఒక మెలకువ యున్నది. నిండు బిందెను నడుమున ఆనించుకొని స్త్రీలు ఎంతో దూరము నడచుదురు. అదే బిందెను చేతులు ముందుకు చాచి పట్టుకొనుమన్నచో పది అడుగులు వేయలేరు. బరువు మారలేదు, ఒంటికిని దానికిని నడుమ దూరము మారినది. బరువును దూరముతో గుణించినంత లాగుడు వెన్నెముకపై పడును. వెన్నెముకకు 10 సెంటీమీటర్ల దూరమున నున్న బరువు 20 సెంటీమీటర్లకు జరిగినచో లాగుడు రెట్టింపగును. ఆ లాగుడును సరిచేయుటకు మనము ముందుకు వంగుదుము. కనుక మంచి సంచి యనగా వీపునకు దూరముగా ఉబ్బునది కాదు, పలుచగా వీపునంటియుండునది. బరువైన వస్తువులకు వీపు ప్రక్కనే చోటుండవలెను. తేలిక వస్తువులు వెలుపలి అరలలోనికి పోవలెను. పట్టీలు నాలుగు వ్రేళ్ల వెడల్పునకు తగ్గకుండుట మేలు; సన్నని పట్టీ బరువునంతటిని ఒక గీతవలె భుజములో దింపును. రొమ్ము మీదుగా రెండు పట్టీలను కలుపు చిన్న పట్టీ యున్నచో అవి ప్రక్కలకు జారవు.

సంచిని తయారుచేయువారు ఎక్కువగా పొడవైన పురుషుని వీపును దృష్టియందుంచుకొని కొలతలు పెట్టుచుందురు. పొట్టివారికిని అనేకమంది స్త్రీలకును ఆ సంచి నడుము క్రిందికి వ్రేలాడును. పట్టీల నడుమ ఎడము ఎక్కువై భుజములనుండి జారును. చీరమీదను ఓణీమీదను జారుట మరింత ఎక్కువ. కావున ఇంటిలో అన్నకు సరిపోయిన సంచి చెల్లెలికి సరిపోవునని తలపరాదు. ఎవరు మోయుదురో వారే, రోజూ ధరించు దుస్తులతోనే, వేసికొని చూడవలెను.

‘అట్లయినచో పేరుమోసిన ఫోటోగ్రాఫర్లు ఒంటిభుజపు సంచులను ఏల వాడుచుండిరి?’ అని కొందరడుగవచ్చును. దానికి కారణము కలదు. 1970 దశకము మధ్యకాలమున అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో ఫోటోగ్రాఫరుగా నుండిన జిమ్ డోమ్కే గట్టి పెట్టెలతో విసిగి, తన పనికి తగినట్లు మెత్తని కాన్వాసు సంచి నొకదానిని రూపొందించుకొనెను. తోటి ఫోటోగ్రాఫర్లును అట్టిదానినే కోరిరి. ఇంగ్లండులో మార్టిన్ బిల్లింగ్‌హామ్ 1973లో స్థాపించిన సంస్థ మొదట చేపలు పట్టువారికి సంచులు కుట్టెడిది. ఆ సంచులను న్యూయార్కులో ఫోటోగ్రాఫర్లు కెమేరాల కొరకు కొనుచున్నారని 1978 ప్రాంతమున తెలిసి ఆ సంస్థ కెమేరా సంచులవైపు మరలినది. ఆ రెండు సంచులకును ఒక్కటే సుగుణము: మూత తీసిన తోడనే చేయి కెమేరాను చేరును. నిమిషములో దాటిపోవు దృశ్యమును పట్టవలసినవానికి అది ప్రాణముతో సమానము.

కాని ఆనాటి ఫోటోగ్రాఫరు సంచిలో లాప్‌టాపు లేదు. ఫిలిమును పత్రికాలయమునకు చేర్చుటతో అతని పని ముగిసెడిది. నేటివాడు ఫోటోను తీయుటయే గాక అక్కడనే కూర్చుండి దిద్ది పంపవలెను. పాత సంచికి ఒకటిన్నర కిలో పలకయు, దాని ఛార్జరును వచ్చి చేరినవి. ఒంటిభుజపు సంచి సుగుణము అట్లే యున్నది. దాని భారము మాత్రము ఒక భుజము మోయదగిన హద్దును దాటినది. ఈ కారణముచేత మేమొక సులభమైన విభాగమును సూచింతుము. సంచితో కలిసి మొత్తము 3 కిలోల లోపైనచో ఒంటిభుజపు సంచి చాలును. దానిని మెడమీదుగా అడ్డముగా వేసికొని, భుజములను మార్చుచుండవలెను. అంతకు మించినచో, ముఖ్యముగా అరగంటకు పైగా నడువవలసియున్నచో, వీపుసంచియే తగినది. కెమేరాను త్వరగా అందుకొనవలసియున్నవారు ప్రక్కనుండి తెరచుకొను జిప్పు గల వీపుసంచిని చూచుకొనవచ్చును. ఒక పట్టీని వదలి సంచిని ముందునకు త్రిప్పుకొన్నచో కెమేరా చేతికందును.

ఇక సంచి లోపలి సంసారమును చూతము. లాప్‌టాపును కెమేరాయును ఒకే ఇంటిలో కాపురముండ వలసిన భిన్నస్వభావులు. లాప్‌టాపు పలుచని పలక. అది ఒత్తిడికిని వంగుటకును మూలలకు తగులు దెబ్బకును భయపడును. కెమేరా గుండ్రనైన లెన్సుతో కూడిన బరువైన ముద్ద. అది అదురునకు భయపడును. రెండింటిని అడ్డు లేకుండ ఒకే అరలో ఉంచినచో కెమేరా పోయి లాప్‌టాపు తెరపై ఒత్తును. రద్దీగల బస్సులో వెనుకనున్నవారు ఒరిగినప్పుడు తెర పగులుటకు ఆ ఒక్క ఒత్తిడి చాలును. కనుక ఈ రెండింటికిని వేరువేరు అరలుండవలెను. నడుమ గట్టి మెత్తయో పలకయో అడ్డముండవలెను. లాప్‌టాపు వీపువైపునను కెమేరా వెలుపలివైపునను ఉండుట సామాన్యమైన ఏర్పాటు.

లాప్‌టాపు అర విషయమున చాలమంది గమనింపని లోపమొకటి కలదు. ఆ అర సంచి అడుగువరకు దిగినచో, సంచిని నేలపై దింపిన ప్రతిమారును లాప్‌టాపు మూల నేలకు తగులును. మంచి సంచిలో ఆ అర అడుగునకు రెండు మూడు సెంటీమీటర్ల పైననే ముగియును. పలక ఊయెలలో వలె వ్రేలాడుచుండును. అంగడిలో ఆ అరలో చేయిపెట్టి అడుగు ఎక్కడనున్నదో తడిమి చూచినచో తెలియును. అట్లు లేనిచో అడుగున మందమైన స్పాంజి ముక్కను వేయవచ్చును.

కెమేరా కొరకు ప్రత్యేకముగా కుట్టిన సంచియే కావలెనన్న నియమము లేదు. మెత్తని గోడలు, కదిలింపదగిన అడ్డుపట్టీలు గల చిన్న పెట్టెవంటి లోపలి సంచులు విడిగా దొరకుచున్నవి. ఇంటిలో నున్న గట్టి వీపుసంచిలో దానిని దింపినచో అదే కెమేరా సంచి యగును. తీసివేసినచో మామూలు సంచి యగును. దీనివలన మరియొక లాభము కలదు. లోపల విలువైన కెమేరా యున్నట్లు చూచువారికి తెలియదు. పెద్ద అక్షరములలో కెమేరా సంస్థ పేరు వ్రాసిన సంచి రైలులోను బస్సు నిలయములోను దొంగకు చీటీ వ్రాసి చూపినట్లే.

కొలతల విషయమున అంగుళములను నమ్మి మోసపోవువారు పెక్కురు. 15.6 అంగుళములనునది లాప్‌టాపు వెడల్పు కాదు. తెరయొక్క ఒక మూలనుండి ఎదుటి మూలకు గల దూరము. ఒకే తెర గల రెండు యంత్రములలో ఒకదాని అంచులు సన్నగా నుండి మరియొకదాని అంచులు వెడల్పుగా నుండవచ్చును. కావున టేపుతో యంత్రమునే కొలువవలెను: వెడల్పు, లోతు, మందము. సాధ్యమైనచో యంత్రమునే అంగడికి తీసికొనిపోయి అరలో పెట్టి జిప్పు మూసి చూడవలెను. అట్లే సంచి పరిమాణమును లీటర్లలో చెప్పుచుందురు. నిత్యపు పనికి 20 లీటర్ల సంచి సామాన్యముగా చాలును. 30 లీటర్ల సంచి కొన్నచో అందులో పది లీటర్ల ఖాళీ మిగులునని తలచుట పొరపాటు. ఖాళీ కనబడినచో నింపుట మనుష్యస్వభావము.

గుడ్డను గూర్చి అమ్మువారు డెనియర్ అను మాట వాడుదురు. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అది దాని డెనియర్. 1,000 డెనియర్ నైలాను గుడ్డ మిక్కిలి గట్టిది, బరువును ఎక్కువే. నిత్యపు సంచికి 500 ప్రాంతపు డెనియర్ నైలాను తగినంత గట్టిదనము నిచ్చును. నూలు కాన్వాసు చూచుటకు అందముగా నుండును, చాలకాలము మన్నును. కాని తడిసినచో బరువెక్కి ఆరుటకు ఆలస్యమగును. నైలాను గుడ్డ లోపలివైపున నీరు దిగకుండ పాలియురథేన్ పూత పూయుదురు. మన సముద్రతీరపు తేమలో ఆ పూత కొన్ని యేండ్లకు జిగటబారి పొట్టుగా రాలును. పాత సంచిని వాడదలచినవారు లోపల చేయిపెట్టి జిగట తగులుచున్నదేమో చూచుకొనవలెను. ఆ పొట్టు లెన్సులలో చేరుట మంచిది కాదు.

వానను గూర్చి ఒక మాట. నీటిని తట్టుకొను సంచి వేరు, నీరు చొరని సంచి వేరు. గుడ్డ ఎంత మంచిదైనను జిప్పు పండ్ల నడుమనుండియు కుట్టు రంధ్రములనుండియు నీరు లోపలికి దిగును. తెలంగాణమునను కోస్తా జిల్లాలలోను నైరృతి ఋతుపవనములు జూను నుండి సెప్టెంబరు వరకు కురియును. నెల్లూరు వైపున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు ముంచెత్తును. సంవత్సరములో సగము కాలము ఏదో ఒక వాన యుండు దేశమున సంచికి వాన తొడుగు తప్పనిసరి. అది లేనిచో దళసరి పాలిథిన్ సంచులు రెండింటిని అడుగున మడిచియుంచి, వాన వచ్చినప్పుడు లాప్‌టాపును ఒకదానిలోను కెమేరాను మరియొకదానిలోను వేసి మూతి ముడివేయవచ్చును. తరువాత తేమ లోపల నిలిచిపోకుండ వెంటనే తీసివేయవలెను.

వానకంటెను ఎక్కువ నష్టము కలిగించునది కనబడని తేమ. లెన్సులలో బూజు పట్టి చెడిపోయినవి కోస్తా ఊళ్లలో ఎన్నో కలవు. గాలిలో తేమ నూటికి 60 వంతులకు మించి చాలకాలము నిలిచినచో, చీకటిలో, గాలి ఆడని చోట బూజు పెరుగును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి చోట్ల తేమ ఆ హద్దును దాటియుండుట సామాన్యము. మెత్తలు గల సంచి ఆ బూజునకు కావలసిన ఇల్లే: చీకటి, గాలి లేమి, చెమటను వానను పీల్చుకొన్న స్పాంజి. కావున సంచి ప్రయాణమునకే గాని నివాసమునకు కాదు. ఇల్లు చేరగానే కెమేరాను లెన్సులను తీసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ గుళికలతో ఉంచవలెను. రంగు మారు గుళికలైనచో అవి తేమ పీల్చి నిండినప్పుడు తెలియును. తయారుచేసినవారు చెప్పిన వేడిలో ఆరబెట్టి మరల వాడవచ్చును. ఖాళీ సంచిని జిప్పులన్నియు తెరచి గాలికి వ్రేలాడదీయవలెను.

తేమవలెనే వేడియును శత్రువు. మే నెలలో విజయవాడలోనో రామగుండములోనో ఎండలో నిలిపిన కారులో సంచిని వదలిపోరాదు. మూసిన కారు లోపలి వేడి బయటి వేడిని మించిపోవును. లిథియం బాటరీలకు అది అపాయకరము. స్కూటరు సీటు క్రింది పెట్టెయును అట్టిదే. అక్కడ వేడికి అదురు కూడ తోడగును. ద్విచక్రవాహనముపై సంచి వీపుననే యుండుట మంచిది. రోడ్డు కుదుపును మన శరీరము కొంత మింగివేయును. వ్రేలాడు పట్టీలను మాత్రము చక్రమున పడకుండ ముడుచుకొనవలెను.

ఇంతవరకు యంత్రములను గూర్చి చెప్పితిమి. యంత్రములకంటె విలువైనది సంచిలో మరియొకటి కలదు. అది ఆ దినమున చేసిన పని. పెండ్లి ఫోటోలు తీసినవాడు రాత్రి ఆ ఫోటోలను కార్డునుండి లాప్‌టాపులోనికి ఎక్కించి, కార్డును లాప్‌టాపును డిస్కును ఒకే సంచిలో పెట్టుకొని రైలెక్కినచో, అతడు మూడు ప్రతులు తీసియు ఒక్క ప్రతి తీసినవానితో సమానుడు. సంచి పోయినచో మూడును పోవును. కెమేరాను మరల కొనవచ్చును. ఆ పెండ్లిని మరల చేయింపలేము. ఊరిలో ముసలివారు పాడిన పాటలను రికార్డు చేసికొని వచ్చు పరిశోధకునికిని ఇదే న్యాయము వర్తించును. పాడినవారు మరల దొరకకపోవచ్చును. కావున కార్డులను చిన్న డబ్బాలో వేసి ఒంటిమీది లోపలి జేబులో ఉంచుకొనవలెను. సంచి ఎంత మంచిదైనను అన్నింటిని ఒక్కదానికే అప్పగింపరాదు.

దూరప్రయాణములలో మరికొన్ని నియమములు కలవు. మన దేశములో విమానపు సామాన్య తరగతిలో చేతిసంచికి సాధారణముగా 7 కిలోల హద్దు పెట్టుచున్నారు. టిక్కెట్టు కొన్న సంస్థ నియమమును ముందుగా చూచుకొనవలెను. పైన మేము తూచిన సంచి, నీరును అన్నమును తీసివేసినచో గాని ఆ హద్దులో ఇమడదు. విడి లిథియం బాటరీలను పవర్ బ్యాంకులను సామాను గదిలోనికి పంపరాదు, చేతిసంచిలోనే తీసికొనిపోవలెను. 100 వాట్ అవర్ల వరకు సామాన్యముగా అనుమతి యుండును. 100 నుండి 160 వరకు విమానసంస్థ సమ్మతి కావలెను. ఓల్టులను ఆంపియర్ అవర్లతో గుణించినచో వాట్ అవర్లు వచ్చును. 3.7 ఓల్టుల 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లు. చాల విమానాశ్రయములలో తనిఖీ వద్ద లాప్‌టాపును బయటికి తీసి పళ్లెములో పెట్టవలసియుండును. ఆ అరకు వేరే జిప్పు ఉన్నచో సంచినంతటిని కుమ్మరింప నక్కరలేదు.

అంగడిలో సంచిని పరీక్షించు విధమును చెప్పుదుము. మొదట పట్టీ సంచిని కలియు మొదలును చూడవలెను. సంచులు తరచుగా తెగునది అక్కడనే. అచ్చట చతురస్రముగా కుట్టి నడుమ అడ్డముగా రెండు కుట్లు వేసియుండుట మంచి గుర్తు. పట్టీ చివర ఒకే వరుస కుట్టుతో నిలిచియున్నచో దానిని నమ్మరాదు. పిమ్మట జిప్పు. జిప్పు వెనుక 5, 8, 10 వంటి అంకె యుండును. అది మూసిన పండ్ల వెడల్పును సుమారుగా మిల్లీమీటర్లలో తెలుపును. ముఖ్యమైన అరలకు 8 లేక 10 ఉన్నచో మేలు. సంచి నిండుగా నున్నప్పుడు మూలవద్ద జిప్పును ఒంటిచేతితో త్రిప్పి చూడవలెను. ఖాళీ సంచికి ఏ జిప్పైనను చక్కగానే జరుగును.

చివరకు సొంత సామానును నింపి, సంచిని తగిలించుకొని, పది నిమిషములు అంగడిలో తిరుగవలెను. మెట్లు ఎక్కి దిగవలెను. వంగి చెప్పులు సరిచేసికొనవలెను. కుర్చీలో కూర్చుండి లేవవలెను. సంచిలోనికి చూడకయే కెమేరాను తీయగలమేమో చూడవలెను. అమ్మువాడు విసుగుకొనవచ్చును, కాని సంవత్సరముల తరబడి మోయబోవునది అతడు కాదు. అంతర్జాలములో తెప్పించుకొన్నవారు ఈ పరీక్షను సంచి వచ్చిన దినముననే ఇంటిలో చేయవలెను. చీటీలను తెంపక ముందే, తిరిగి పంపు గడువు ముగియక ముందే చేయవలెను.

ధరను గూర్చి మేము అంకె చెప్పబోము. ఎక్కువ ధర పెట్టినంత మాత్రమున బరువు తగ్గదు. ఖరీదైన సంచులలో కొన్ని సామాన్యమైన వానికంటె బరువైనవి. పట్టీలు, జిప్పులు, కుట్లు బాగుండి, వీపునకు సరిపోయి, సొంత బరువు కిలో ప్రాంతమున నుండి, రెండు యంత్రములను వేరుగా నుంచునది ఏదైనను మంచి సంచియే. అది అప్పుడే ఇంటిలో అటకపై ఉండవచ్చును. అట్టి సంచిలో లోపలి పెట్టె నొకదానిని దింపి, తెగిన పట్టీని బ్యాగులు కుట్టువానిచేత గట్టిగా కుట్టించినచో క్రొత్త సంచి ఖర్చు తప్పును.

ఎంత చూచి కొన్నను సంచి తనంతట తాను బరువెక్కుచుండును. చదివిన పత్రికలు, పనికిరాని తీగలు, నిన్నటి రశీదులు, చిల్లర నాణెములు అడుగున చేరుచుండును. కావున ఆదివారమునాడు సంచిని పూర్తిగా బోర్లించి, దులిపి, మరల తూచుట అలవాటు చేసికొనవలెను. మొదటి దినమున వ్రాసి పెట్టుకొన్న అంకెకంటె అరకిలో పెరిగినచో ఏది చేరినదో వెదకి తీసివేయవలెను. మీ ఇంటిలో కెమేరాతో జీవనము సాగించు బిడ్డ యున్నచో, ఈ రాత్రి వారు సంచిని దించినప్పుడు ఒక్కమారు మీ చేతితో ఎత్తి చూడుడు. ఎట్టి సంచి కొనవలెనన్న ప్రశ్నకు సమాధానము అక్కడనుండియే మొదలగును.